పల్నాడు మిర్చి: కల్లం నుంచి వయల్ దాకా

"ఇది శాంపిల్ కాదురా. పిడికెడు మిరపకాయలు."

గుంటూరులో ఓ ప్రైవేటు ల్యాబ్ గుమ్మంలోనే నా క్లాస్‌మేట్ నన్ను ఆపేసింది. నరసరావుపేటలో ఇద్దరం కలిసి డిగ్రీ చేశాం. తను కెమిస్ట్రీలోనే ఉండిపోయింది, నేను ఇలా రాతల్లో పడ్డాను. మాచర్ల దాటాక వెల్దుర్తి రోడ్డులో మా బాబాయ్‌కి మూడెకరాల మిర్చి ఉంది. "మందు ఎక్కువైందంటన్నారు, బూజంటన్నారు. అసలు మన కాయలో ఏవుందో ఒకసారి చూపిచ్చరా" అని ఆయన ఇచ్చిన క్యారీబ్యాగ్ నా చేతిలో ఉంది. లోపల నిగనిగలాడే తేజ కాయలు. ఒక్కటి కూడా మచ్చ లేదు.

"మొత్తం ఎన్ని టిక్కీలు?"

"మొదటి కోతవి అరవై."

"అరవై టిక్కీల్లో ఇవి ఏ టిక్కీవి?"

నా దగ్గర జవాబు లేదు. తను రిసెప్షన్ టేబుల్ మీదున్న కాగితం లాక్కుని లెక్క వేసింది. టిక్కీ నలభై కిలోలు. ఎండు తేజ కాయ ఒక గ్రాము లోపే తూగుతుంది. అంటే టిక్కీకి నలభై వేల కాయలకు తక్కువుండవు, అరవై టిక్కీలకి ఇరవై నాలుగు లక్షల పైమాట. బూజు అన్ని కాయలకీ సమానంగా పట్టదు. ఎక్కడో తొడిమ దగ్గర పగిలిన కాయలో, కుప్ప అడుగున చెమ్మ తగిలిన కాయలో పడుతుంది. ఆ బూజు నుంచి వచ్చే విషం పేరు అఫ్లటాక్సిన్. యూరప్ వాళ్లు మిర్చిలో బి1 రకం అఫ్లటాక్సిన్‌కి పెట్టిన హద్దు కిలోకి 5 మైక్రోగ్రాములు. టిక్కీ మొత్తానికి 200 మైక్రోగ్రాములన్నమాట. మెత్తటి ఉప్పు రేణువులు మూడో నాలుగో ఎంత బరువుంటాయో అంత.

"నువ్వు తెచ్చింది మీ బాబాయ్ ఏరి ఇచ్చిన కాయ. ఇది టెస్ట్ చేస్తే మీ బాబాయ్‌కి మంచి చూపుందని తెలుస్తుంది. అంతే."

ఎలా తేవాలో అదే కాగితం వెనక రాసిచ్చింది. అమ్మకానికి తొక్కిన టిక్కీల్లోంచే తియ్యాలి. ఒక్కోదాంట్లో పైన, నడుమ, అడుగున. ప్లాస్టిక్ కవరు వద్దు, చెమ్మ పడుతుంది, గుడ్డ సంచి తీసుకో. చివర్లో కింద గీత గీసి ఇంకో మాట కూడా రాసింది: ఏదీ ఏరి పారెయ్యొద్దు.

మర్నాడు పొద్దున్నే మాచర్ల బస్సెక్కాను.

సత్తెనపల్లి దాటాక నేల రంగు మారుతుంది. పిడుగురాళ్ల వచ్చేసరికి రోడ్డు పక్క షెడ్ల మీద, తుమ్మ చెట్ల మీద తెల్లటి దుమ్ము. సున్నం బట్టీల ఊరు ఇది, లైమ్ సిటీ అంటారు. పల్నాడు కింద ఉన్నదంతా సున్నపురాయే. ఇళ్ల కప్పులకి నాపరాళ్లు, చేలకి అడ్డంగా నాపరాళ్లు. మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు నడిచేదీ ఈ రాయి మీదే.

ఇక్కడో ముచ్చట చెప్పాలి. మా ఫ్రెండ్ రోజూ చేసే క్రొమటోగ్రఫీ మొదలైంది ఈ రాతి పొడితోనే. మన పిడుగురాళ్ల రాయి కాదులెండి, అదే పదార్థం: కాల్షియం కార్బొనేట్. 1900ల మొదట్లో మిఖాయిల్ త్స్వెత్ అనే రష్యన్ వృక్షశాస్త్రవేత్త ఒక గాజు గొట్టంలో సుద్దపొడి లాంటిది దట్టించి, పైనుంచి ఆకుల రసం పోశాడు. వెనకాలే ద్రావకం పోస్తుంటే రసంలోని రంగులు ఒక్కోటి ఒక్కో వేగంతో కిందికి దిగాయి. పసుపు ఒక చోట ఆగింది, ఆకుపచ్చ మరో చోట. 1906లో ఆ పద్ధతికి క్రొమటోగ్రఫీ అని ఆయనే పేరు పెట్టాడు. రష్యన్‌లో త్స్వెత్ అంటే రంగు అనే అర్థం. ఇంటిపేరు ఇంత బాగా కలిసొచ్చిన సైంటిస్టు ఇంకొకరు ఉన్నారో లేదో.

ఇప్పుడు ఆ గాజు గొట్టం బదులు వేలంత స్టీలు కాలమ్ ఉంటుంది. చివర్లో మాస్ స్పెక్ట్రోమీటర్. కానీ సూత్రం అదే: కలిసి ఉన్నవాటిని పరిగెత్తించి విడదియ్యడం. త్స్వెత్‌కి కావాల్సింది రంగు. మా ఫ్రెండ్‌కి రంగే తలనొప్పి. అది తర్వాత చెప్తాను.

గురజాల, తర్వాత రెంటచింతల. ఎండాకాలం టీవీల్లో "రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత" అనగానే వినపడే ఊరు ఇదే. ఆ ఎండని తిట్టుకుంటాం గానీ మిర్చికి అది వరం. కాయ ఎంత త్వరగా ఆరితే బూజుకి అంత తక్కువ టైం. చిక్కంతా మాఘమాసపు రాత్రుల్లో పడే మంచుతోనే.

బాబాయ్ కల్లం చేను పక్కనే. టార్పాలిన్ పట్టాల మీద పరుచుకున్న ఎరుపు, మధ్యాహ్నం ఎండలో కళ్లు చెదిరిపోయేట్టుంది. చెట్టు కింద ఆడవాళ్లు తాలు కాయలు ఏరుతున్నారు. రంగు పోయి తెల్లబడ్డ కాయని తాలు అంటారు, రేటు సగానికి సగం పడిపోతుంది. మొహాలకి గుడ్డలు కట్టుకున్నా వాళ్లలో ఒక్కరూ దగ్గడం లేదు. నేను మాత్రం వెళ్లిన ఐదు నిమిషాలకే కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డాను.

ఫ్రెండ్ రాసిచ్చింది చెప్పాను. బాబాయ్ మొహం మాడిపోయింది.

"మంచి కాయ ఇచ్చి పంపిస్తే మళ్లీ వచ్చి చెత్త కాయ కూడా కావాలంటావేందిరా? ల్యాబోళ్ల ముందు మన పరువేం గాను?"

ఆయన మాటల్లో మోసం లేదు. ఇంటికొచ్చినోళ్లకి పగిలిన గ్లాసులో కాఫీ ఇవ్వం కదా, అలాంటిదే ఇది. నాకూ ఆ క్షణంలో మొహమాటం వేసింది. అయినా ఇద్దరం కలిసి టిక్కీలు విప్పాం. పైన, నడుమ, అడుగున చెయ్యి పెట్టి గుప్పెళ్లు తీశాం. మధ్యలో ఆయన వేళ్లు వాటంతట అవే ఒక నల్లమచ్చ కాయని పక్కకి తీసేశాయి. నేను చూశాను. ఆయన కూడా చూశాడు. నవ్వి మళ్లీ కుప్పలో వేశాడు.

కుప్పని పట్టా మీద పరిచి నాలుగు భాగాలు చేశాం. ఎదురెదురు రెండు భాగాలు ఉంచుకుని మిగతావి తిరిగి టిక్కీల్లోకి. మళ్లీ కలిపి, మళ్లీ నాలుగు. చివరికి మిగిలింది ఐదు కిలోలు. యూరప్ నిబంధనల్లో పెద్ద లాట్‌కి వంద చోట్ల నుంచి తియ్యమని ఉంటుంది. మేం ఇద్దరం అరవై టిక్కీలకే సాయంత్రం దాకా నడుం పట్టేసేలా కూర్చున్నాం.

ఆ టైంలోనే నీళ్ల డ్రమ్ము సంగతి వచ్చింది. కల్లం మూల నీలం డ్రమ్ము, పక్కన ఒక చెంబు. బాగా ఎండిన కాయ తొక్కేటప్పుడు విరిగి నుసైపోతుంది. అందుకని రాత్రి కొంచెం నీళ్లు చల్లి పొద్దున తొక్కిస్తారు. కాయ మెత్తబడుతుంది, తూకం కూడా కాస్త పెరుగుతుంది. ఆ చెమ్మే బూజుకి ఊపిరి.

"నీళ్లు చల్లొద్దంటే తేలికే. నుసైన కాయకి రేటు నువ్విస్తావా?" అన్నాడు బాబాయ్. తర్వాత తనే చెప్పాడు: ఈసారి తెల్లారుజామున, మంచుకి కాయ దానంతటదే మెత్తబడ్డప్పుడు, ఎండ రాకముందే తొక్కించాడట. కూలీలు ఆ టైంకి రావడానికి ఎక్కువ అడిగారు. కొన్ని టిక్కీలకి కుదిరింది, కొన్నింటికి చెంబే దిక్కైంది. ఏ టిక్కీలు ఏవో ఆయనకీ గుర్తులేదు.

మందుల సంగతి అడిగితే 2021 నుంచి మొదలుపెట్టాడు. ఆ ఏడు నల్ల తామర పురుగు వచ్చి పూతంతా ఊడ్చుకుపోయింది. అప్పటిదాకా చూసిన తామర పురుగు ఆకుల మీద ఉండేది, ఇది పువ్వులోకే దూరింది. చెప్పిన మందల్లా కొట్టారు. ఒకటి పనిచెయ్యకపోతే రెండు కలిపి కొట్టారు. పల్నాడులో చాలామంది ఆ ఏడాది చేలు దున్నేశారు. "అప్పుడు ఏం కొట్టామో ఇప్పుడు డబ్బాలు చూస్తే గానీ చెప్పలేను" అన్నాడు.

రాత్రి గోంగూర పచ్చడి, జొన్న రొట్టె. పడుకోబోతుంటే ఫ్రెండ్ దగ్గర్నుంచి వాట్సాప్ మెసేజ్: "మీ ఊళ్లో మందు కొట్టని మిర్చి దొరుకుద్దా? ఒక అరకిలో చాలు. అర్జెంట్."

బాబాయ్‌కి చూపిస్తే పడీపడీ నవ్వాడు. "మందు కొట్టని మిర్చా? పల్నాడులోనా?" లోపల్నుంచి నాయనమ్మ గొంతు వినిపించింది: "నా పెరట్లో ఉన్నయి గదరా, నాలుగు చెట్లు." ఇంట్లో వాడకానికి ఆవిడ పెంచుకునే చెట్లవి. నీళ్లు, పేడ తప్ప ఏమీ వెయ్యదు. తెల్లారేసరికి అరకిలో ఎండు కాయలు చీర ముక్కలో మూట కట్టి చేతిలో పెట్టింది.

తిరుగు ప్రయాణంలో నరసరావుపేట, చిలకలూరిపేట మీదుగా చుట్టు తిరిగి వచ్చాను. కారణం ఎడ్లపాడు. 2022 ఏప్రిల్లో పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట కేంద్రమయ్యాక ఎడ్లపాడు మండలం కూడా ఇందులోకే వచ్చింది. అక్కడి వంకాయలపాడు దగ్గర స్పైసెస్ బోర్డు వారి స్పైసెస్ పార్క్ ఉంది. కల్లంలో చెంబుతో నీళ్లు చల్లే మనిషికీ, ఎక్కడో యూరప్ పోర్టులో కంటైనర్ తెరిచే మనిషికీ మధ్య ఎంత దూరముందో ఆ హైవే పక్కన నిలబడితే తెలుస్తుంది.

ఆ దూరం ఒకసారి బాగా దెబ్బకొట్టింది. 2003లో మన దేశం నుంచి వెళ్లిన కారం ఉత్పత్తుల్లో సుడాన్-1 అనే రంగు ఉందని ఫ్రాన్స్ పట్టుకుంది. మైనాలకీ నూనెలకీ వేసే పారిశ్రామిక రంగు అది, తిండిలో ఉండకూడదు. 2005లో బ్రిటన్‌లో అదే రంగున్న కారంతో చేసిన ఒక సాస్ బయటపడింది. ఆ సాస్ వాడిన తయారీ వంటకాలు నాలుగు వందలకు పైగా రకాలు షాపుల్లోంచి వెనక్కి తీసుకున్నారు. కాయ పండించిన రైతుకి ఆ రంగుతో సంబంధం లేదు, పొడి కొట్టిన తర్వాత ఎవరో కలిపిందది. కానీ చెడ్డపేరు మొత్తం మిర్చికి వచ్చింది. పరీక్ష లేకుండా మిర్చి ఎగుమతి చెయ్యడం అప్పట్నుంచే కుదరకుండా పోయింది.

ఇక ల్యాబ్.

టీవీల్లో చూపించే ల్యాబ్‌లో తెల్లకోటు మనిషి ఒక చుక్క మెషీన్‌లో వేస్తాడు, స్క్రీన్ మీద గ్రాఫ్ వస్తుంది. నిజానికి ఆ చుక్కని తయారు చెయ్యడంలోనే రోజు గడిచిపోతుంది. మిరపకాయ అంటే ఎర్ర రంగు, గింజల్లో నూనె, చక్కెరలు, కారం పుట్టించే క్యాప్సైసిన్, దుమ్ము. వీటి మధ్య ఎక్కడో కోటిలో ఒక వంతు లెక్కలో మందు అవశేషం. ఉన్నదున్నట్టు మెషీన్‌లోకి పంపితే కాలమ్ మూసుకుపోతుంది. అంతకన్నా పెద్ద సమస్య ఇంకోటుంది: క్యాప్సైసిన్, రంగు లాంటివి మందుతో పాటే ఒకేసారి బయటికొచ్చి దాని సిగ్నల్‌ని నొక్కేస్తాయి. ఉన్న మందు లేనట్టు కనపడుతుంది. కల్యాణ మండపంలో బ్యాండ్ మోగుతుంటే పక్కనోడి మాట వినపడనట్టు.

ఐదు కిలోలూ గ్రైండ్ చేశారు, ఏదీ వదలకుండా. మాస్కులు, గ్లోవ్స్, ఫ్యాన్లు అన్నీ ఉన్నా ఆ గదిలో అందరూ తుమ్ముతూనే ఉన్నారు. కల్లంలో ఆడవాళ్లు గుర్తొచ్చారు.

ఆ పొడిలోంచి రెండు గ్రాములు ఒక ట్యూబ్‌లోకి. ఎండు పదార్థం కాబట్టి ముందు చల్లటి నీళ్లు పోసి అరగంట నాననిచ్చారు. లేకపోతే లోపల ఇరుక్కున్న మందు బయటికి రాదు. తర్వాత పది మిల్లీలీటర్ల ఎసిటోనైట్రైల్, గట్టిగా కుదుపు. ఆ తర్వాత మెగ్నీషియం సల్ఫేట్, ఉప్పు. మెగ్నీషియం సల్ఫేట్ నీళ్లని పీల్చుకుంటూ వేడి పుట్టిస్తుంది. ట్యూబ్ నా చేతికిస్తే టీ గ్లాసులా గోరువెచ్చగా ఉంది. చల్లటి నీళ్లు ఎందుకు పోశారో అప్పుడర్థమైంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తీస్తే కింద పిప్పి, నీళ్లు, పైన ద్రావకం. మనక్కావాల్సిన మందు ఆ పై పొరలో ఉంటుంది. కానీ దాని రంగు చూడాలి, ఆవకాయ జాడీ మీద తేలిన నూనెలా ఉంది.

ఈ పద్ధతిని క్యాచర్స్ అంటారు. త్వరగా, తేలిగ్గా, చవగ్గా, సరిగ్గా, మొండిగా, భద్రంగా అనే అర్థాలున్న ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరు. 2003లో అనస్తాసియాడెస్, లెహోటే అనే శాస్త్రవేత్తలు, వాళ్ల సహచరులు దీన్ని ప్రచురించారు. అంతకుముందు ఒక్కో శాంపిల్‌కి సీసాల కొద్దీ ద్రావకం, గంటల కొద్దీ టైం పట్టేది. సుడాన్ గొడవ మొదలైన ఏడాదే ఇదీ వచ్చింది, కాకతాళీయమే అనుకోండి.

"ఇప్పుడు అసలు పని" అంది ఫ్రెండ్. ఆ ఎర్ర ద్రవంలోంచి చెత్తని తియ్యాలి. ఒక తెల్ల పొడి ఆమ్లాలని, చక్కెరలని పట్టుకుంటుంది. ఇంకోటి నూనెని పట్టుకుంటుంది. మూడోది నల్లటి కార్బన్ పొడి, రంగుని మింగేస్తుంది. ఆ నల్లపొడి కాస్త ఎక్కువేస్తే ఎర్ర ద్రవం చూస్తుండగానే నీళ్లలా అయిపోయింది. నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది.

తను తల అడ్డంగా ఊపింది. "ఇది చూసే నేనూ మొదట్లో మోసపోయా."

కార్బన్‌కి రంగు ఒక్కటే ఇష్టం కాదు. బల్లపరుపుగా ఉండే అణువు ఏదైనా దానికి అతుక్కుంటుంది. కొన్ని మందుల అణువులు అచ్చం అలాగే ఉంటాయి. రంగుతో పాటు అవీ పోతాయి. అద్దంలా మెరిసే వయల్, స్క్రీన్ మీద "లేదు" అన్న ఫలితం, కానీ కాయలో మందు ఉంది. దీన్ని పట్టుకోవడానికి మందు లేని మిర్చి పొడిలో తెలిసిన మోతాదులో మందు కావాలని కలిపి, మొత్తం తతంగం నడిపి, ఎంత తిరిగొచ్చిందో చూస్తారు. 70 నుంచి 120 శాతం మధ్య వస్తే పద్ధతి సరిగ్గా ఉన్నట్టు. మొదటి నెలలో తనకి ఒక మందు నలభై దగ్గరే ఆగిపోయిందట. మరోసారి దానికి భయపడి క్లీనప్ తగ్గించేసింది. ఆ రోజు మెషీన్ లోపలంతా ఎర్రగా పట్టి, విప్పి కడగడానికి రోజున్నర పట్టింది.

బాబాయ్ వేళ్లు గుర్తొచ్చాయి. ఆయన నల్లమచ్చ కాయ తీసెయ్యబోయిందీ, ఈ నల్లపొడి చేసిందీ ఒకటే పని. ఆ మాటే తనతో అంటే, "మీ బాబాయ్‌ని ల్యాబ్‌లో పెట్టుకోవచ్చు, కనీసం ఆయన తిరిగి కుప్పలో వేశాడు" అంది.

అఫ్లటాక్సిన్‌కి దారి వేరు. ఇరవై ఐదు గ్రాముల పొడిని మిథనాల్, నీళ్లలో కలిపి వడకట్టి, చిన్న గొట్టం గుండా చుక్కచుక్కగా దించుతారు. ఆ గొట్టంలో అఫ్లటాక్సిన్‌ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీలుంటాయి. మిగతా ఎరుపంతా కిందికి కారిపోతుంది. చివర్లో శుభ్రమైన మిథనాల్ పోస్తే, పట్టుకున్నదాన్ని వదిలేస్తాయి. త్వరగా పోస్తే పట్టు తప్పుతుంది, అందుకని అక్కడ హడావిడి పనికిరాదు. ఆ గొట్టం ముందు కూర్చున్న అమ్మాయి అరగంటలో ఫోన్ వైపు కూడా చూడలేదు.

వారం తర్వాత కాగితం వచ్చింది. అఫ్లటాక్సిన్ హద్దు లోపలే ఉంది. మందులు రెండు మూడు రకాలు కనపడ్డాయి, అందులో ఒకటి బాబాయ్ ఈ ఏడు కొట్టనే లేదంటాడు. ఆ కాగితం పట్టుకుని ఆయన టిక్కీలతో గుంటూరు యార్డుకి వెళ్లాడు. కొనేవాడు ఒక కాయ తీసి విరిచి, రంగు చూసి, గుప్పెడు గలగలలాడించి రేటు చెప్పాడు. కాగితం వైపు చూడలేదు. పరీక్షలన్నీ ఎగుమతిదారు కొన్నాక జరుగుతాయి. అక్కడ తప్పితే దెబ్బ వెనక్కి వెనక్కి ప్రయాణించి మళ్లీ కల్లానికే వస్తుంది. బాబాయ్ మాత్రం కాగితాన్ని మడిచి బ్యాంకు పాస్‌బుక్కులో పెట్టుకున్నాడు. రెండో కోతకి పూర్తిగా తెల్లారుజామునే తొక్కిస్తానంటున్నాడు, కూలీలు దొరికితే.

ఇక నాయనమ్మ మూట సంగతి. మందు లేని మిర్చి ల్యాబ్‌కి ఎందుకంటే, ఆ నొక్కేసే గొడవని లెక్కకట్టడానికి. అదే రంగు, అదే కారం, అదే నూనె ఉండి మందు మాత్రం లేని కాయ కావాలి. దానికి తెలిసిన మోతాదులు కలిపి, ఎంత మందుకి ఎంత సిగ్నల్ వస్తుందో గీత గీసుకుంటారు. మిగతా శాంపిల్స్ అన్నీ ఆ గీతతో పోల్చి చూస్తారు. బయట ఎంత డబ్బు పెట్టినా అలాంటి కాయ దొరకడం కష్టమట.

నాయనమ్మ పెరటి కాయని నడిపి చూశారు. ఏమీ ఉండకూడని చోట చిన్న శిఖరం లేచింది. చాలా చిన్నది. పెరటి గోడ అవతల అంతా మిర్చి చేలే, గాలికి ఏం వచ్చి పడిందో. హద్దుకి ఎంతో కింద ఉంది, తినడానికి ఏ ఇబ్బందీ లేదు. కానీ ఆ మందు వరకు ఆ కాయ గీత గియ్యడానికి పనికిరాదు.

సాయంత్రం ఫోన్‌లో నాయనమ్మ ఆత్రంగా అడిగింది: "నా కాయ ఎట్టా ఉందన్నారయ్యా?"

"రంగు చాలా బాగుందన్నారు నాయనమ్మా."

"అయితే ఇంకో కిలో పంపిస్తా ఉండు" అంది.